పెద్ద బండిని నిలుపుట: ధైర్యమూ, బాధ్యతా
(మెయిల్ మోటారు డ్రైవర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



తపాలా వ్యానును రహదారిపై నలభై కిలోమీటర్లు నడుపుటకన్న, స్టేషను ఆవరణలో నలభై అడుగులు వెనుకకు నడిపి నిలుపుట కష్టమని అనుభవమున్న ప్రతి డ్రైవరూ ఎరుగును. నేను స్టీరింగు పట్టిన తొలి రోజులలో, రైలు వేళ మించుచున్నదన్న తొందరలో, దిగి చూడకుండానే వ్యానును వెనుకకు నడిపితిని. వ్యానుకూ ప్లాట్‌ఫారం గోడకూ నడుమ సంచులు సర్దుచున్న సోదరుడొకరు కేక వేయుటచే జానెడు దూరంలో ఆపగలిగితిని. ఆ కేక నాకు నేటికీ వినబడుచునే యున్నది.

ధైర్యమనగా వేగం కాదు. బండి స్వభావం తెలియుట వలన కలిగే నిబ్బరమే ధైర్యం. పెద్ద బండి ముందుకు మలుపు తిరుగునపుడు వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో నడువవు. మలుపు లోపలి వైపునకు జరుగును. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం ఎంత ఎక్కువైతే ఈ జరుగుట అంత ఎక్కువ. జీపుకు అలవాటుపడిన చేయి పెద్ద వ్యానును గేటు స్తంభానికి రాయించుటకు కారణమిదే. వెనుకకు మలుపునపుడు బండి ముందు భాగం బయటి వైపునకు విసరును. డ్రైవరు చూపు వెనుకనే నిలిచియుండుటచే ముందు మూల ప్రక్క బండిని తాకును.

మన దేశంలో డ్రైవరు కుడివైపున కూర్చుండును. కావున నిలుపవలసిన చోటు వీలైనంతవరకు కుడివైపున ఉండునట్లు బండిని తెచ్చుకొనవలెను. అటువైపు కిటికీ నుండి స్వయంగా చూడవచ్చును. ఎడమవైపున అద్దమొక్కటే ఆధారం. మొదట దిగి, బండి చుట్టూ నడిచి చూడవలెను: కాలువ అంచు, తోపుడు బండి, నేలపై సంచి, తలపై రేకుల చూరు. పిదప మనిషి నడక కన్న మెల్లగా కదలవలెను. సరిగా రానిచో మరల ముందుకు తీసి సరిచేసికొనుట అవమానం కాదు. వచ్చినప్పుడే వెనుకకు నడిపి నిలిపినచో, పోవునపుడు ముందు చూపుతో బయటపడవచ్చును.

ఈ విషయంలో రైల్వే సోదరుల నుండి మనం నేర్చుకొనవలసినది కలదు. షంటింగులో చేతి సంకేతం కనుమరుగైనచో లోకో పైలట్ బండిని ఆపివేయును. మనకూ అదే నియమం కావలెను. సైగ చేయువాడు ఒక్కడే ఉండవలెను. అతడు బండికీ గోడకూ నడుమ కాక, అద్దంలో కనబడునట్లు ప్రక్కగా నిలువవలెను. అద్దంలో అతడు కనబడని క్షణమే బ్రేకు పడవలెను.

నిలిపిన తరువాత కూడ పని ముగియదు. డ్రైవరు సీటు విడుచునపుడు ఇంజను ఆపి, బ్రేకు వేసి, బండి తనంత తాను కదలకుండ చేయవలెనని 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షను చెప్పుచున్నది. వాలు నేలపై హ్యాండ్ బ్రేకును మాత్రమే నమ్మరాదు. చక్రాలకు చెక్క అడ్డు పెట్టవలెను. యార్డులో నిలిపిన వ్యాగన్లకు హ్యాండ్ బ్రేకులతో పాటు గొలుసు, అడ్డుచెక్కలు వాడుట రైల్వేలో ఎప్పటినుండియో ఉన్న ఆచారమే గదా!

మిత్రులారా, నేర్పు డ్రైవరుది. కాని పరిస్థితులు కల్పించుట యాజమాన్యం బాధ్యత. చీకటి ఆవరణ, పగిలిన అద్దం, సహాయకుడు లేని డ్యూటీ, ఊపిరాడనివ్వని కాలపట్టిక: ఇవన్నీ ఉండగా, ప్రమాదం జరిగిననాడు ఛార్జిషీటు ఒక్క డ్రైవరుకే ఇచ్చుట న్యాయం కాదు. 2019 జూలై 1 నుండి తయారయ్యే కార్లకు వెనుక అడ్డంకిని తెలిపే పరికరం తప్పనిసరి చేసినారు. చిన్న కారుకు అవసరమైనది, మనుషుల మధ్య మసలే తపాలా వ్యానుకు అనవసరమా? వెలుతురు, అద్దాలు, పరికరం, సహాయకుడు, చాలినంత సమయం: ఇవి దయాధర్మాలు కావు, మన భద్రతా హక్కులు. వీటిని వ్రాతపూర్వకంగా కోరవలెను. లోపమున్న బండిని లాగ్ బుక్కులో నమోదు చేయవలెను.

రైలు ఒకటి తప్పిపోయినచో సంచి మరొక రైలులో పోవును. మనిషి పోయినచో తిరిగిరాడు. ఈ మాట స్టీరింగు ముందు కూర్చున్న ప్రతిసారీ జ్ఞప్తికి తెచ్చుకొందము.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!