నీటి అడుగున నున్న ఉద్యానవనము



ఉద్యానవనమనగానే మనకు మామిడితోపో, పూలమొక్కలో, చెట్టునీడనున్న రాతిబల్లయో మనస్సునకు వచ్చును. నేనీ దినమున చెప్పబోవు ఉద్యానమునకు కంచె లేదు, తోటమాలి లేడు. దానిలో చాల భాగము ఉప్పునీటి అడుగున నున్నది. అది దక్షిణ అండమాను దీవి నైరృతి తీరమునగల మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానము. దానిని 1983వ సంవత్సరమున ఏర్పరచిరి. పదునైదు చిన్న పెద్ద దీవులును, వాని నడుమనున్న సముద్రపు పాయలును కలిసి దాని వైశాల్యము సుమారు 281 చదరపు కిలోమీటర్లు.

మన తాతల కాలమున అండమాను పేరెత్తినచో ద్వీపాంతరశిక్షయే జ్ఞప్తికి వచ్చెడిది. 1906లో పూర్తియైన సెల్యులర్ జైలు నేటికిని అచ్చట నిలిచియున్నది. కాని కాలము మారినది. ఆ దీవుల ముఖ్యపట్టణమైన పోర్టు బ్లెయిరునకు 2024లో శ్రీవిజయపురమను పేరు పెట్టిరి. విశాఖపట్టణమునుండి అది సుమారు 1,200 కిలోమీటర్ల దూరము. కాశీకిని రామేశ్వరమునకును పోయివచ్చిన బృందములే ఇప్పుడు అచ్చటికిని పోవుచున్నవి. అచ్చట తెలుగు మాట వినుటకు వెదకనక్కరలేదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలనుండి పోయి స్థిరపడిన కుటుంబములు చాల గలవు. కావున మీలో పలువురు నేడో రేపో పోగలరను తలంపుతో, నేను చూచినదియు, నేను చేసిన తప్పును దాచక చెప్పుచున్నాను.

మేము నలుగురము పోయితిమి. నేను, నా భార్య, మా బావగారు, మా అక్క. పట్టణమునుండి వండూరు అను రేవునకు మోటారుబండిలో ఒక గంట ప్రయాణము. అచ్చట గుర్తింపు చీటి చూపి అనుమతి పొందవలెను. శీతకాలమునుండి వేసవి మొదటివరకు జాలీ బాయ్ అను దీవికిని, వానకాలమున రెడ్ స్కిన్ అను దీవికిని జనులను పోనిత్తురు. ఒకటి తెరచినపుడు రెండవది విశ్రమించును. మన రైతు పొలమును బీడు విడుచుట యెందులకో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇదియు నట్టిదే. సోమవారము సెలవు. దినమునకు ఇంతమందియే యను నియమముగూడ గలదు. కాబట్టి ముందుగానే విచారించుకొనవలెను. ఆ దీవులు తూర్పున చాల దూరమున నుండుటచే, గడియారము మనదే యైనను ప్రొద్దు మనకన్న ముందు పొడిచి ముందు క్రుంకును. శీతకాలమున సాయంకాలము ఐదున్నర కాకమునుపే చీకటి పడును. కనుక తెల్లవారగనే బయలుదేరుట మేలు.

రేవులో సంచులు విప్పి చూతురు. ప్లాస్టిక్కు సంచులు, ప్లాస్టిక్కు పొట్లములు దీవికి పోరాదు. సముద్రమున తేలు తెల్లని సంచిని తాబేలు జెల్లిచేపయని భ్రమించి మ్రింగి చచ్చును. ఈ నియమమునుబట్టి మా బావగారు మొదట చిరచిరలాడిరి. అంతలో మా అక్క తన సంచిలోనుండి మరచెంబును, స్టీలు డబ్బాలో పులిహోరను తీసి చూపగా, తనిఖీ చేయు యువకుడు చేతులు జోడించి నవ్వినాడు. మన పెద్దలు ప్రయాణములకు పెట్టుకొనిపోయిన సామగ్రియే అచ్చట సరియైన సామగ్రి. దీవిలో అంగడి లేదు, హోటలు లేదు, రాత్రి బస లేదు. మంచినీళ్లు, ఆహారము, మందులు మనమే తీసికొనిపోవలెను; మిగిలిన చెత్తను మనమే మరల మోసికొనిరావలెను.

పడవ మొదట మడ అడవుల నడుమ సాగును. చెట్ల వేళ్లు నీటిలో పందిరిగుంజలవలె దిగియుండును. 2004 డిసెంబరు 26వ తేది భూకంపమున ఈ ప్రాంతపు నేల సుమారు ఒక మీటరు క్రుంగినదట. ఉప్పునీరు లోపలికి వచ్చి తీరపు చెట్లు చచ్చి మోళ్లైనవి. ఉత్తర అండమానులో దీనికి విరుద్ధముగా నేల పైకి లేచి, పగడపు దిబ్బలు నీటి బయటపడి ఎండి నశించినవి. ఒక్క దినమున, ఒక్క కదలికతో, ఒకచోట అడవి మునిగినది, మఱియొకచోట సముద్రము ఎండినది. ఆ మడ కాలువలలో ఉప్పునీటి మొసళ్లు గలవు. అందుచే అనుమతించినచోట తప్ప, ఎంత నిర్మలముగా కనబడినను నీటిలో దిగరాదు.

జాలీ బాయ్ చేరినపిమ్మట అడుగున అద్దము బిగించిన పడవ యెక్కితిమి. అద్దములోనుండి చూడగా, దుప్పికొమ్ములవంటివి, విసనకఱ్ఱలవంటివి, మెదడువలె ముడుతలు పడిన గుండ్లు, వాని సందులలో పసుపు, నీలము చారల చేపలు కనబడినవి. మనము కుజగ్రహశాంతికి ఉంగరమున ధరించు ఎఱ్ఱని పగడము వేఱు జాతి. అది ముఖ్యముగా మధ్యధరా సముద్రమునుండి వచ్చును. ఇవి దిబ్బలను కట్టు పగడములు. ఆవగింజంతయు, అంతకు కొంచెము పెద్దయు నగు జీవులు వేలకొలది గుంపుగా కూడి, నీటినుండి సున్నము తీసి ఇల్లు కట్టుకొనును. వాని దేహములో కంటికి కనబడని నాచు కాపురముండును. నాచు ఎండతో ఆహారము వండిపెట్టును. పగడము దానికి నీడనిచ్చును. రంగులు చాలవరకు ఆ నాచువే. కొమ్మలజాతి ఏటికి కొన్ని అంగుళములు పెరిగినను, బండవంటి జాతి ఏటికి ఒక సెంటిమీటరైనను పెరుగుట కష్టము. సముద్రపు టడుగులో నూటికొకపాలుకూడ లేని ఈ దిబ్బలలో సముద్రజీవజాతులలో సుమారు నాలుగవవంతు బ్రతుకుచున్నవని శాస్త్రజ్ఞుల అంచనా. తుపాను అలల నడ్డి తీరమును కాచునవియు నివియే.

ఇక నా తప్పు. తేలుడు చొక్కా తొడిగికొని, ఊపిరిగొట్టము నోట గఱచుకొని నీటిలో దిగితిని. వెంట వచ్చిన పడవవాడు శ్రీకాకుళపు కుటుంబమునకు చెందిన యువకుడు. "బాబూ, కాలు ఆనించకండి, తేలుతూ చూడండి" అని రెండుమార్లు చెప్పినాడు. నాకు చెరువులో ఈదిన గర్వము కలదు. ముక్కులో నీరు పోగా తొట్రుపడి నిలువబోతిని. కాలిక్రింద ఫెళుక్కున విఱిగినది. పాదము కోసికొనిపోయి నెత్తురు వచ్చినది. ఆ యువకుడు నన్ను పట్టి ఒడ్డుకు చేర్చి, గాయమును మంచినీటితో కడిగి, నా ముఖము వంక చూచి, "అవి రాళ్లు కావండి, ప్రాణమున్నవి" అన్నాడు. నాకు మధుమేహము కలదు. ఆ గాయము మానుటకు నెల పట్టినది. నేను విఱిచిన దానికి ఎన్ని యేండ్లు పట్టునో!

ఆ సాయంకాలము కాకమునుపే మఱియొకటి జరిగినది. తిరుగు పడవ యెక్కునపుడు మా బావగారి తువాలు మూటలో తెల్లని పగడపుముక్క యొకటి కంటబడినది. ఒడ్డున పడియున్నదనియు, మనుమరాలికి చూపుటకనియు ఆయన అన్నారు. చచ్చినదైనను, గవ్వయైనను, గుల్లయైనను ఆ యుద్యానమునుండి కొనిరాగూడదు. దిబ్బలు కట్టు పగడములకు వన్యప్రాణి సంరక్షణ చట్టమున పులితో సమానమైన రక్షణ గలదు. పడవవాడు చిన్నవాడు, మా బావగారు డెబ్బది దాటిన పెద్ద. అతడు చెప్పలేక నా వంక చూచినాడు. నాకును నోరు రాలేదు. తుదకు కట్టుకట్టిన నా పాదమును చూపి, "బావగారూ, నేడు మన యింటివంతు నేను విఱిచినది చాలును" అంటిని. ఆయన కొంతసేపు మాటాడలేదు. పిమ్మట తామే దిగి, ఆ ముక్కను నీటియంచున నుంచి వచ్చిరి. ఇంటికి వచ్చి మనుమరాలికి ఆ కథయే చెప్పిరి.

మనము చేయు చెఱుపు ఇదియొక్కటే కాదు. వేసవిలో సముద్రజలము మామూలుకన్న ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి కొన్ని వారములు నిలిచినచో, పగడము తనలోని నాచును వెళ్లగొట్టి తెల్లబోవును. వేడి తగ్గినచో తేరుకొనును. తగ్గనిచో ఆకలిచే చచ్చును. 1998లోను, 2010లోను అండమాను దిబ్బలకు ఈ యాపద గట్టిగా తగిలినది. భూమి కంపించుటను మనమాపలేము. సముద్రము వేడెక్కుటను ఒక్క ఊరివార మాపలేము. కాని కాలు ఆనింపకుండుట, చేయి చాపకుండుట, చెత్త విడువకుండుట మన చేతిలోనివే.

కావున పోదలచిన పెద్దలకు నా విన్నపము. వైద్యుని అడిగి పొండు. తలకు గుడ్డయు, ఒడలికి నిండు చేతుల చొక్కాయు ధరింపుడు. ఒడలికి పూయు తైలములలో కొన్ని పగడములకు హానికరములు. ఈత రానివారు అద్దపు పడవలోనే చూడుడు. అందు చిన్నతనము లేదు. పడవవాని మాట, వయస్సు చూడక, వినుడు. బృందమున పిన్నలు మీ వంకనే చూచుచుందురని మఱువకుడు. మీరు వంగి ఒక గవ్వను తీసినచో వారు పది తీయుదురు. మీరు చేయి వెనుకకు తీసికొన్నచో వారును తీసికొందురు.

మన ఊరి గుడితోటలో పూవు కోయువాడు మొక్కను పెఱుకడు. ఆ మర్యాదయే అచ్చటను పాటించిన చాలును. ఇక సెలవు.