శనగ యెండుతెగులును ఎదుర్కొను మేలిబూజు
(రైతులకు ఉపన్యాసము)



కర్నూలు, కడప సీమల నల్లరేగడి భూములలో వానకాలపు పదునును ఆధారము చేసికొని ఆశ్వయుజ కార్తిక మాసములలో శనగ విత్తుట పరిపాటి. కోవెలకుంట్ల, బనగానపల్లె, జమ్మలమడుగు ప్రాంతములలో పెక్కు కుటుంబములకు ఈ పైరే ముఖ్యాధారము. పైరు పచ్చగా నుండగనే అక్కడక్కడ మొక్కలు తలవాల్చి యెండిపోవుట రైతులెల్లరు చూచినదే. అట్టి మొక్కను పెరికి వేరును నిలువుగా చీల్చిన, లోపల నల్లని చార కనబడును. అది నీటి యెద్దడి కాదు, ఎండుతెగులు. ఫ్యుజేరియం అను బూజు వేరులో ప్రవేశించి, నీరు పైకెక్కు నాళములను మూసివేయుటయే దీనికి కారణము. శనగ వేయకున్నను ఈ బూజు ఆరేండ్లవరకు నేలలో బ్రదికి యుండగలదు. తెగులు సోకిన మొక్కను మరల బ్రదికించు మందు లేదు.

అయినను, మొక్కలో నివసించు బూజులన్నియు శత్రువులు కావు. ట్రైకోడెర్మా అను ఆకుపచ్చని బూజు వేరు పైపొరలలోనికి చొచ్చి, మొక్కకు కీడు చేయక నివసించును. ఇది శత్రుబూజును చుట్టుకొని తినివేయును. ఇంతియే గాక, దీనిలో కొన్ని రకములు కొబ్బరివంటి వాసనగల ఆవిరిని విడుచును. ఆ వాసనకు మూలమైన పదార్థమును శాస్త్రజ్ఞులు 1972 లో గుర్తించిరి. ఇట్టి ఆవిరులు మట్టి సందులలోని గాలిద్వారా వ్యాపించి, దూరమున నున్న శత్రుబూజుల పెరుగుదలను సైతము అణచును. హోండూరాస్ దేశమున దాల్చినచెట్టు కొమ్మలో దొరికిన మస్కోడార్ అను బూజు ఆవిరులు ఇతర బూజులను చంపుచున్నట్లు 2001 లో ప్రకటింపబడినది. ఆ ఆవిరులు విడివిడిగా కొంతమాత్రమే పనిచేసి, అన్నియు కలిసినప్పుడే చంపగలిగినవి.

అయితే ఆవిరి సీసాలో పోసి చల్లదగిన మందు కాదు. బయటిగాలిలో అది నిలువదు. మేలిబూజు వేరుచెంత సజీవముగా నుండవలెను. దానికి తేమయు, చివికిన యెరువును ఆహారముగా కావలెను. కావున రైతులు ఈ క్రింది పద్ధతి నవలంబింపవలెను.

1. కిలో విత్తనమునకు 10 గ్రాముల ట్రైకోడెర్మా పొడిని కొంచెము గంజినీటితో పట్టించి, నీడలో ఆరబెట్టి, ఆ దినముననే విత్తవలెను.

2. చివికిన పశువుల యెరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా పొడి 2 కిలోలు కలిపి, నీరు చిలకరించి, గోనెలు కప్పి, వారము పది దినములు నీడలో నుంచవలెను. దీనిని ఎకరమునకు చల్లి, పదునున్నప్పుడే గుంటక తోలి మట్టిలో కలుపవలెను.

3. పొడిని ఎండలో నుంచరాదు. గడువు దాటినదానిని కొనరాదు. కార్బెండజిమ్ వంటి బూజుమందుతో కలుపరాదు. ఆ మందు మేలిబూజును కూడ చంపును.

ఈ బూజును మాత్రమే నమ్ముకొనుటయు తగదు. తెగులును తట్టుకొను విత్తనమే మొదటి రక్షణ. ఇక్రిసాట్ సంస్థయు, జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమును కలిసి రూపొందించగా 1999 లో విడుదలైన జె.జి. 11 అట్టిది. తెగులున్న చేలలో జొన్న వంటి పైరుతో మార్పిడి చేయుట మేలు. అయినను ఒక్క యేటి మార్పిడితో తెగులు పోవునని తలపరాదు.

సందేహముగల రైతు చేనిలో నాలుగు సాళ్లకు పొడి పట్టింపని విత్తనమును వేసి, పూతనాటికి ఎండిన మొక్కలను రెండువైపుల లెక్కించి చూడవలెను. మొక్క వాడిన పిమ్మట చేయు వ్యయము వృథా. విత్తుటకు ముందు చేయు స్వల్పవ్యయము పంటను కాపాడును.