అరుగుగల అంగడి యిల్లు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రామమున గ్రంథాలయము నడచుట సామాన్య విషయము కాదు. ఈ శుభ సమయమున పుస్తకములను గూర్చి మాటలాడువారు పలువురు కలరు. నేను మాత్రము పుస్తకమువలెనే చదువదగిన మఱియొక వస్తువును గూర్చి మనవి చేసెదను. అది ముందు కొట్టు, వెనుక కాపురము గల పాతకాలపు ఇల్లు. విజయవాడ వన్‌టౌనులోను, బందరు బజారులోను ఇట్టి యిండ్లు నేటికిని కొన్ని మిగిలియున్నవి.

కృష్ణ ఆనకట్ట 1852లో ఆరంభమై 1855లో పూర్తియైనది. కాలువలు పొలములకు నీటిని, పడవలకు దారిని ఇచ్చినవి. 1890 దశకమున కృష్ణపై రైలు వంతెన వచ్చుటతో బెజవాడ వర్తకము మఱింత పెరిగెను. సరకు ఒకచోట, తాను ఒకచోట ఉండి వర్తకుడు నిశ్చింతగా నిద్రింపలేడు. కనుక సరకున్నచోటనే కాపురముండెను. ఆ యవసరమే ఈ యింటికి రూపము నిచ్చినది.

మొదట అరుగును చూడుడు. వీధికంటె ఎత్తుగా ఇంటి ముందు సాగు ఈ అరుగు వాననీటిని లోపలికి రానీయదు. బాటసారికి నీడ నిచ్చును. బేరమునకు పీట యగును. కొనవచ్చినవాడు వీధిలో నిలువ నక్కఱలేదు, ఇంటిలో అడుగు పెట్ట నక్కఱలేదు. అయితే ఆ అరుగుపై కూర్చుండు హక్కు నాడు అందఱకును లేదు. వీధిలోనే నిలిచి దోసిలి పట్టవలసి వచ్చినవారు మన గ్రామములలో ఎందఱో యుండిరి. ఈ మాట దాచి అరుగును పొగడుట చరిత్ర కాదు. ఇంటిని కాపాడుట యనగా ఈ జ్ఞాపకమును గూడ కాపాడుటయే.

అరుగు దాటిన కొట్టు. దానికి రెక్కల తలుపు లుండవు. క్రిందను మీదను గాడులు చెక్కి, నిలువు పలకలను ఒకదాని ప్రక్క నొకటి జొనిపి, అడ్డముగా ఇనుపకమ్మి వేసి తాళము బిగింతురు. వరుస తప్పకుండ పలకలపై అంకెలు వేయుదురు. ఉదయమున పలకలు తీసినంతనే గోడయే లేనట్లు కొట్టంతయు వీధికి తెఱచుకొనును. లోపల గల్లాపెట్టె, త్రాసు, చిట్టా ఆవర్జాలు. పైన నేలచెమ్మ తగులకుండ సరకు దాచుటకు అటక.

కొట్టు వెనుక ఒక్క ద్వారము దాటినచో మండువా. బజారులో స్థలము వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. ప్రక్కగోడలు పొరుగువారి గోడలకు ఆనుకొనియుండుటచే కిటికీలకు తావు లేదు. కనుక గాలియు వెలుతురును పైనుండి రావలెను. మండువా అందులకే యేర్పడినది. వేడిగాలి దానిగుండ పైకి పోవును. వాననీరు అందు పడి తూముగుండ వెడలును. చుట్టును వసారాలు, గదులు; చివర వంటయిల్లు, పెరడు, నుయ్యి.

ఇక కట్టడపు వస్తువులు. గోడలు ఇటుకలతో, ఎద్దులు త్రిప్పు గానుగలో నూఱిన సున్నముతో లేచినవి. పూతసున్నములో కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలుపుట వాడుక. దూలములకు బర్మా టేకు, నేలకు పల్నాటి నాపరాయి. కొన్ని యిండ్లకు టేకు దూలములపై ఇటుకలను నిలువుగా పేర్చి సున్నముతో కట్టిన మద్రాసు మిద్దె. మఱికొన్నింటికి మనము బెంగుళూరు పెంకు లనునవి. ఆ తరహా పెంకును 1865లో బాసెల్ మిషన్‌వారు మంగుళూరులో చేయనారంభించిరి.

మన నల్లరేగడి నేల వానకు ఉబ్బును, ఎండకు బీటలు వాఱును. సున్నపు కట్టడము ఆ కదలికకు కొంత యొదుగును. గోడలోని చెమ్మను బయటికి పోనిచ్చును. అట్టి గోడపై సిమెంటు పూసినచో చెమ్మ లోపలనే నిలిచి ఇటుకను తినివేయును. ఇల్లు బాగుచేయుచున్నామను తలంపుతోనే దానిని పాడుచేయువారు పెక్కుమంది కలరు.

వీనికి చట్టపు రక్షణ యేమి? ప్రాచీన కట్టడముల రక్షణకు 1958లో కేంద్ర చట్టము, 1960లో మన రాష్ట్ర చట్టము వచ్చినవి. ఉండవల్లి గుహలను కేంద్ర పురావస్తు శాఖవారు కాపాడుచున్నారు. 1848లో కందుకూరి వీరేశలింగముగారు జన్మించిన రాజమహేంద్రవరములోని గృహము రాష్ట్ర రక్షణలో నున్నది. ఇది మిక్కిలి సంతోషకరము. కాని ఉప్పు, పప్పు అమ్మిన సామాన్యుని యింటికి మహాపురుషుని పేరు లేదు, రాజు వేయించిన శాసనము లేదు. అందుచేత అది పట్టికలకు ఎక్కుట అరుదు.

మన కోస్తావారు రేవులు దాటి మలయాకు పోయిరి. ఆ దేశమున పినాంగు దీవిలోని జార్జిటౌను నగరమందు ఇట్టి అంగడి యిండ్లే వేలకొలది కలవు. అచ్చట అరుగునకు మాఱుగా ఇండ్ల ముందు అయిదడుగుల నడవ యుండును. అది ఎల్లరు నడచు దారి. ఆ నగరమును 2008లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించిరి. కాని అంతకుముందే, 2000 సంవత్సరమున, అద్దెల నియంత్రణ తొలగినది. అద్దెలు పెరిగి తరతరముల చిన్న వర్తకులు పెక్కురు ఇండ్లు విడిచిపోయిరి. గోడలు నిలిచినవి, కొట్టు పోయినది. ఇది మనము నేర్వదగిన పాఠము. గోడతోపాటు బ్రతుకుతెరువును కాపాడనిచో మిగులునది బొమ్మ మాత్రమే.

ఇంటి యజమానిని నిందించుట నా యభిమతము కాదు. ఒక యింటికి పదిమంది వారసులు. స్థలము ధర కొట్టు రాబడికంటె ఎన్నో రెట్లు. మరమ్మతు భారమంతయు ఆయనపై మోపి, పడగొట్టవలదని మాత్రము మనము చెప్పుట న్యాయము కాదు. సున్నపు పని తెలిసిన మేస్త్రీని, పన్నులో కొంత తగ్గింపును ఆయనకు చూపగలిగిననాడే మన మాటకు విలువ యుండును.

అంతవఱకు గ్రంథాలయము చేయదగిన పని కలదు. ఈ ప్రాంతమున మిగిలిన ప్రతి పాతయింటి కొలతలు తీసి పటము గీయింపుడు, ఛాయాచిత్రములు తీయింపుడు. చెదలు తినుచున్న చిట్టా ఆవర్జాలను అడిగి తెచ్చి భద్రపఱుపుడు. సున్నము కలిపిన ముసలి మేస్త్రీల మాటలను వ్రాసికొనుడు. ఆ విద్య వారితోడనే పోవుచున్నది. అరుగుపై కూర్చున్నవారిని అడుగుడు; కూర్చుండ నోచనివారిని గూడ అడుగుడు. ఇల్లు కూలినను దాని వృత్తాంతము మీ బీరువాలో నిలుచును. ఇల్లు నిలిచినచో, రేపు దానిని బాగుచేయువానికి మీ పటమే దారి చూపును.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి అట్టి పుస్తక మొకటి ఇచ్చట నుండవలెనని కోరుచున్నాను.