ఫోటో వెనుక పేరు రాయండి

(హనుమకొండలో మహిళా సంఘం సభ్యులకు చేసిన ప్రసంగం)



మీరు చదవడం, రాయడం నేర్చుకున్నారు. బస్సు బోర్డు చదువుతున్నారు. సంఘం పుస్తకంలో సంతకం చేస్తున్నారు. ఈ రోజు మీ రాతకు ఇంకొక పని చెబుతాను. ఆ పని మీ ఇంట్లోనే ఉంది. మీ సందుగలో, మీ బీరువాలో ఉంది. అవే మీ ఇంటి ఫోటోలు.

ప్రతి ఇంట్లో నాలుగైనా పాత ఫోటోలు ఉంటాయి. అందులో ఎవరెవరు ఉన్నారో అత్తకు తెలుసు. కోడలికి సగమే తెలుసు. మనుమరాలికి అసలే తెలియదు. అత్త కన్నుమూస్తే ఫోటోలో ముఖం మిగులుతుంది, పేరు పోతుంది. "ఎవరో ముసలామె" అంటారు. సొంత ఇంటి మనిషే పరాయి మనిషి అయిపోతుంది.

ఇందులో ఆడవాళ్ల పేర్లే ముందు పోతాయి. ఎందుకు? ఆమెను ఊరంతా 'ఫలానా ఆయన భార్య' అంటారు. 'ఫలానా పిల్లల తల్లి' అంటారు. ఆమె సొంత పేరు పలికేవాళ్లు తక్కువ. భూమి కాగితాల్లో కూడా చాలామంది ఆడవాళ్ల పేర్లు ఉండవు. కనీసం ఫోటో వెనుకనైనా ఉండాలి కదా!

మన వేయిస్తంభాల గుడిని చూడండి. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించాడు. ఆ గుడి కల్యాణ మండపం బాగా దెబ్బతిన్నది. బాగుచేయడానికి పురావస్తు శాఖ వాళ్లు దాని రాళ్లు విప్పారు. ఏ రాయి ఎక్కడిదో తెలియాలని నంబర్లు వేశారు. ఏండ్ల తరబడి పని సాగింది. 2024 మార్చిలో మండపాన్ని మళ్లీ తెరిచారు. గుర్తు లేకపోతే అవి వట్టి రాళ్లు. పేరు లేకపోతే ఫోటో కూడా వట్టి కాగితమే.

పేరు రాసి భద్రంగా ఉంచితే ఫోటో నూరేండ్లు దాటి బతుకుతుంది. నిజాం కాలంలో రాజా దీన్ దయాళ్ అనే పేరుమోసిన ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో పెట్టాడు. అక్కడ ఫోటోలు తీసింది కూడా ఒక ఇంగ్లీషు ఆమెనే. దీన్ దయాళ్ 1905లో చనిపోయాడు. ఆయన తీసిన గాజు పలకలు రెండు వేలకు పైగా ఇప్పటికీ ఢిల్లీలో భద్రంగా ఉన్నాయి. అంత పెద్ద ఏర్పాటు మనకు అక్కర లేదు. ఒక పెన్సిలు, నాలుగు కాగితం కవర్లు, ఒక డబ్బా చాలు.

ముందుగా ఒక తీరిక రోజు చూసుకోండి. చేతులు కడిగి బాగా తుడుచుకోండి. పసుపు, నూనె చేతులతో ఫోటో ముట్టవద్దు. శుభ్రమైన గుడ్డ పరచి ఫోటోలన్నీ దాని మీద పెట్టండి. ఫోటోను అంచులు పట్టుకొని ఎత్తండి. ఇంట్లో పెద్దామెను పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక్కొక్కటి చూపించి అడగండి. ఆమె చెబుతుంటే మీరు నోటుబుక్కులో రాయండి.

ఏమేమి రాయాలి? నాలుగు సంగతులు రాయాలి. ఎవరు? ఎక్కడ? ఎప్పుడు? ఏ సందర్భం? పేర్లు ఎడమ నుండి కుడికి వరుసగా రాయండి. 'అమ్మ', 'అత్త' అని రాసి ఊరుకోవద్దు. రేపు చదివేవాళ్లకు ఎవరి అమ్మో తెలియదు. అసలు పేరు, ఇంటి పేరు, పుట్టిన ఊరు రాయండి.

ఏ సంవత్సరమో గుర్తులేదంటారా? యాది చేసుకోవడానికి దారులున్నాయి. గోదావరి పుష్కరాలు 1991లో, 2003లో, 2015లో వచ్చాయి. మేడారం జాతర రెండేండ్లకు ఒకసారి వస్తుంది. "పుష్కరాలకు ముందా, తరువాతనా? అప్పటికి పెద్దబిడ్డ పుట్టిందా?" అని అడగండి. సంవత్సరం దగ్గరికి వస్తుంది. సరిగ్గా తేలకపోతే 'సుమారు' అని రాయండి.

ఇక ఫోటో మీద రాసే పద్ధతి. ఫోటోను బోర్లా పెట్టి, వెనుక అంచున పెన్సిలుతో మెల్లగా రాయండి. పెన్ను గట్టిగా అదిమితే అచ్చు ముందుకు తేలుతుంది. స్కెచ్ పెన్ను సిరా పక్క ఫోటోకు అంటుతుంది. కొన్ని ఫోటోల వెనుక నున్నగా ఉంటుంది, పెన్సిలు పడదు. అప్పుడు కాగితం కవరు మీద ముందే రాసి, తరువాత ఫోటోను అందులో పెట్టండి.

ఫోటోకు శత్రువులు ఎవరు? చెమ్మ, ఎండ, పురుగు, జిగురు. గోడకు ఆనించి, నేల మీద డబ్బా పెట్టవద్దు. వానకాలంలో గోడ చెమ్మ లాగుతుంది. చెదలు కూడా పడతాయి. వంటింటి అటక మీద వేడి, పొగ ఉంటాయి. నడిమింట్లో, బీరువా మధ్య అర మంచి చోటు. కొత్త చెప్పుల డబ్బాలో చెమ్మ పీల్చే చిన్న పొట్లం వస్తుంది. దాన్ని ఫోటోల డబ్బాలో వేయండి. చిన్నపిల్లలకు మాత్రం అందనీయవద్దు. ఎండిన వేపాకును గుడ్డలో మూటకట్టి ఒక మూలన పెట్టవచ్చు. కలరా ఉండలు ఫోటోల దగ్గర వద్దు.

న్యూసు పేపరులో చుట్టవద్దు. ఫోటో పసుపు పడుతుంది. జిగురు పేజీల ఆల్బం కొనవద్దు. కొన్నేండ్లకు ఫోటో దానికి అంటుకొని రాదు. అంటుకున్నదాన్ని పీకితే చిరుగుతుంది. అట్లనే ఉంచి నకలు తీయించండి. పాత ఫోటోకు లామినేషన్ చేయించవద్దు. మళ్లీ విప్పడం కుదరదు. పటం కట్టిన ఫోటోకు బొట్టు పెడితే అద్దం మీదనే పెట్టండి. దీపం పొగ, అగరుబత్తి పొగ తగలకుండా చూడండి.

2023 జూలైలో మన దగ్గర వరద వచ్చింది. హనుమకొండలో ఎన్నో ఇండ్లలోకి నీళ్లు వచ్చాయి. అట్లా ఫోటోలు తడిస్తే ఏం చేయాలి? ఒకదానికొకటి అంటిన వాటిని లాగవద్దు. స్టూడియోలో కడిగించిన ఫోటోలైతే మంచినీళ్లలో నానబెట్టండి. మెల్లగా విడివడతాయి. బొమ్మ మీద తుడవకుండా, నీడలో వెల్లకిలా ఆరబెట్టండి. కంప్యూటర్ ప్రింటరు మీద తీసినవి నీళ్లలో వేయవద్దు, రంగు కారుతుంది.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త నకలు. పాత రంగుల ఫోటోలు చీకట్లో ఉన్నా వెలిసిపోతాయి. వాటికి ముందుగా నకలు తీయించండి. ఫోనుతోనైనా తీయండి. కిటికీ దగ్గర, నీడలో, పైనుండి నిటారుగా తీయండి. వెనుక రాత కూడా తీయండి. ఫోను పోతే ఫోటోలూ పోతాయి. అందుకే అక్కకో, బిడ్డకో కూడా పంపించండి.

ఇంకొక మాట. పెళ్లి రిజిస్ట్రేషనుకు పెళ్లి ఫోటో, శుభలేఖ అడుగుతారు. మీ దగ్గర ఉన్న ఒక్కగానొక్క ఫోటోను ఏ ఆఫీసులోనూ ఇవ్వవద్దు. నకలు ఇవ్వండి. పెద్దది చేయడానికి దుకాణంలో ఇచ్చినా అసలుది అడిగి తెచ్చుకోండి.

అక్కలారా! ఇన్నాళ్లు మన ఇంటి చరిత్ర నోటి మాటగానే ఉన్నది. ఇప్పుడు అక్షరం మన చేతికి వచ్చింది. ఈ వారం ఐదు ఫోటోలు తీయండి. ఐదింటికీ పేర్లు రాయండి. రాసింది మీ పిల్లలకు చదివి వినిపించండి. చివరికి మీ ఫోటో ఒకటి తీయండి. దాని వెనుక మీ పేరు మీ చేతితోనే రాయండి.