ఒక్క మీట, ఐదు ఖాతాలు
(సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగము)



కంప్యూటరు ఆటలో ఒకడే ఐదు ఖాతాలు తెరచి, ఒక్క మీట నొక్కి ఐదుగురు వీరులను ఒకేసారి నడిపించుట న్యాయమా? మొన్న మాకును మా తమ్మునికిని ఇదే వాదము. "అన్నయ్యా, ఐదింటికీ చందా కట్టుచున్నాను గదా!" అన్నాడు.

మేము నిత్యము బుకింగు కౌంటరులో కూర్చుండువారము. ఐదు టిక్కెట్లకు సొమ్ము చెల్లించినవాడు ఐదు టిక్కెట్లు పొందును. క్యూలో ఐదుచోట్ల నిలువరాదు. ఆటలోను అంతే. ఐదుగురు ఒక్క నొక్కుతో మూలికలు కోసి ఆటలోని అంగడిలో గుమ్మరించిన, ఒంటరిగా కోసినవాని సరుకుకు ధర పడిపోవును. మా కాలనీ కుర్రవాడొకడు ఇందుకే విసిగి ఆట మానినాడు.

ఒకే నొక్కును అన్ని ఖాతాలకు చేరవేయు సాఫ్టువేరును ఈవ్ ఆన్‌లైన్ వారు 2015 జనవరి 1 నుండి, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వారు 2020 చివర నిషేధించిరి. పలు ఖాతాలుంచుకొనుటను మాత్రము నిషేధింపలేదు. చందాలు పోవునని కాబోలు! అయినను గీత సరియైనచోటనే గీసిరని మా అభిప్రాయము. ప్రతి వీరునికి విడిగా నొక్కువాడు శ్రమపడుచున్నాడు గదా.

తమ్ముడు మా మాట ఒప్పుకొనలేదు. కాని ఇప్పుడు రెండే ఖాతాలుంచి, మార్చి మార్చి నొక్కుచున్నాడు.