సీటు దొరికిన తరువాత తరగతి గదిలో ఏం జరుగుతోంది?



ఉన్నత విద్యలో మన పిల్లల స్థితిగతులపై మాట్లాడమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. ఈ మాట వినగానే సీట్లు, రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు గుర్తుకు రావడం సహజం. మేమూ ఇన్నేళ్లు ఆ దారినే నడిచాం. పేరెన్నికగన్న కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులు 25 మందిలో ఒక్కరు, పీజీ విద్యార్థులు 50 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లింలని 2006లో సచార్ కమిటీ తేల్చినప్పుడు ఆ అంకెలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. మరుసటి ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చాక ధ్రువపత్రాల కోసం పిల్లలను తహసీల్దారు కార్యాలయాలకు తీసుకెళ్లాం. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం నిలిపివేస్తున్నట్లు 2022లో ప్రకటించినప్పుడు వినతిపత్రాలు పంపాం. ఆ పోరాటం ఆపవలసినది కాదు. అయితే సీటు సంపాదించిన పిల్ల తరగతిలో కూర్చుని ఏం నేర్చుకుంటోందని మాత్రం మేము ఏనాడూ అడగలేదు.

ఆ ప్రశ్న మాకు నేర్పినది ఒక అమ్మాయి. పదో తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివి, ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకుని, డిగ్రీలో సైన్సు తీసుకుంది. దరఖాస్తు మేమే నింపాం. రెండో ఏడాది రెన్యువల్‌కు రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే, మొదట్లో ఒకసారి అధ్యాపకుడి ప్రశ్నకు లేచి జవాబు చెప్పిందట. జవాబు సరైనదే, ఇంగ్లీషు తడబడింది. తరగతి నవ్వింది, అధ్యాపకుడు వారించలేదు. ఆ తరువాత ఆమె నోరు విప్పలేదు. క్రమంగా వెళ్లడమూ మానింది. హాజరు 75 శాతానికి తగ్గింది, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగింది, చదువు అక్కడితో ముగిసింది.

ఇందులో మా తప్పు కూడా ఉంది. మధ్యలో ఒకసారి ఆమె మా దగ్గరకు వచ్చి పాఠాలు అర్థం కావడం లేదని చెప్పింది. నోట్సు బట్టీ పట్టమ్మా, పాసైపోతావని పంపించాం. మేము గుమాస్తాగిరీ చేసి పదవీ విరమణ చేసినవాళ్లం. పట్టీలో హాజరు పడితే పని జరిగినట్లేనని జీవితమంతా నమ్మాం. హాజరు పట్టీకి మనిషి వచ్చినదీ రానిదీ తెలుస్తుంది గానీ, పాఠం అందినదీ లేనిదీ తెలియదు.

ఇది మన ఊరి కళాశాలలకే పరిమితమైన జబ్బు కాదు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజూర్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు ఉన్నారు. విద్యార్థులు మెచ్చిన బోధకుడు. కానీ సూత్రాలతో కఠినమైన లెక్కలు చేయగల తన విద్యార్థులకే, బలం, చలనం వంటి మూల భావాలు సరిగా అర్థం కాలేదని ఒక పరీక్షలో ఆయనకు తెలిసివచ్చింది. అప్పుడు 1991 ప్రాంతంలో పద్ధతి మార్చారు. కొంతసేపు పాఠం చెప్పి ఒక ప్రశ్న ఇస్తారు. ప్రతి ఒక్కరూ తమ జవాబు తాము నిర్ణయించుకోవాలి. తరువాత పక్కవారితో వాదించుకోవాలి. మళ్లీ జవాబు చెప్పాలి. ఇంతే. సైన్సు, ఇంజనీరింగు, గణితం తరగతులపై జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసి 2014లో ఒక నివేదిక ప్రచురించారు. కేవలం ఉపన్యాసం విన్న తరగతుల్లో సుమారు 34 శాతం మంది తప్పితే, విద్యార్థులను పాల్గొనేలా చేసిన తరగతుల్లో తప్పినవారు 22 శాతమే.

ఈ పద్ధతిలో మన పిల్లలకు మరో మేలు ఉంది. పక్కనున్న స్నేహితురాలితో ఉర్దూలోనో తెలుగులోనో మాట్లాడుకోవచ్చు. నిండు తరగతిలో లేచి నిలబడే ముందు ఆ రెండు నిమిషాలు దొరికితే భయం సగం తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీలో ఆంగ్ల మాధ్యమం తెచ్చారు. మంచిదే, ఉద్యోగాలకు ఇంగ్లీషు కావాలి. కానీ పుస్తకం ఇంగ్లీషులో ఉన్నంతమాత్రాన ఆలోచన కూడా మొదటిరోజు నుంచే ఇంగ్లీషులో సాగాలంటే ఎలా? 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య బోధించింది. అందుకోసం అనువాద సంస్థను పెట్టి శాస్త్ర గ్రంథాలు తర్జుమా చేయించింది. ఆ రోజులు తిరిగి రావాలని మేము అనడం లేదు. సందేహం అడగడానికైనా తల్లిభాషకు తరగతిలో చోటు ఇవ్వమంటున్నాం.

అధ్యాపకుల బాధ కూడా చెప్పాలి. ఖాళీ పోస్టులు నింపరు, కాంట్రాక్టు వారికి జీతం వేళకు రాదు, సిలబస్ తరుముతుంటుంది. వారిని దోషులుగా నిలబెట్టి మనం సాధించేది ఏమీ లేదు. అయినా విద్యార్థిని పేరుపెట్టి పిలవడానికి, తప్పు జవాబును నవ్వులపాలు కానివ్వకుండా చూడడానికి జీవో అక్కర్లేదు.

ఇక మనవంతు. నాక్ గుర్తింపు పొందిన ప్రతి కళాశాలలో అంతర్గత నాణ్యతా హామీ విభాగం ఉండాలి. అందులో స్థానిక సమాజం, విద్యార్థులు, పూర్వ విద్యార్థుల తరఫున ప్రతినిధులకు స్థానం ఉంది. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారో మనలో ఎంతమందికి తెలుసు? వక్ఫ్ కమిటీలో చోటు కోసం చూపే పట్టుదలలో పదో వంతు ఇక్కడ చూపినా చాలు. ఆ సమావేశంలో అడగవలసినవి పెద్ద మాటలేం కావు. విద్యార్థుల అభిప్రాయ పత్రాలు ఎవరు చదువుతున్నారు? దిద్దిన జవాబు పత్రాలు పిల్లల చేతికి వస్తున్నాయా? వరుసగా వారం రోజులు రాని విద్యార్థిని గురించి ఇంటికి ఫోను వెళుతోందా?

తల్లిదండ్రులకు ఒక మాట. పెళ్లి సంబంధాలకు పనికొస్తుందని చదివించే డిగ్రీ అయినా సరే, సాయంత్రం ఇంటికి వచ్చిన అమ్మాయిని మార్కులకన్నా ముందు, ఈరోజు తరగతిలో ఏం అడిగావమ్మా అని అడగండి. ఏమీ అడగలేదంటే కోప్పడవద్దు. ఎందుకు అడగలేకపోయిందో వినండి.

చదువు ఆపిన ఆ అమ్మాయి ఇప్పుడు దూరవిద్యలో మళ్లీ చేరింది. మా గదికి వచ్చి చిన్న పిల్లలకు లెక్కలు చెబుతోంది. ఆమె తరగతిలో ఎవరూ ఎవరినీ చూసి నవ్వరు. వచ్చే నెల మేము మన పట్టణంలోని కళాశాలల ప్రిన్సిపాళ్లను కలవబోతున్నాం. ఆమె కూడా వస్తానంది. డిగ్రీ చదువుతున్న పిల్లలు తమకు తరగతిలో ఎదురవుతున్నది ఒక కాగితంపై రాసి, వెళ్లేటప్పుడు తలుపు దగ్గరున్న పెట్టెలో వేయండి. పేరు రాయనక్కర్లేదు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు, ఏ భాషలో రాసినా సరే.