మూడు వాటాల ఇంటికి అనుమతి: అమెరికా నగరాల్లో ఇళ్ల కరువు

2018 డిసెంబర్ 7న మినసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ నగర కౌన్సిల్ ఒక ప్రణాళికను ఆమోదించింది. ఒక స్థలంలో ఒక్క కుటుంబానికే ఇల్లు ఉండాలన్న పేటల్లో ఇకపై మూడు వాటాల ఇల్లు కూడా కట్టుకోవచ్చు. అనుకూలంగా 12 ఓట్లు, వ్యతిరేకంగా ఒక్కటి. అమెరికాలో ఒక పెద్ద నగరం ఊరంతటికీ ఇలా వర్తింపజేయడం అదే మొదలు. కింద యజమాని, మేడ మీద అద్దెకున్నవాళ్లు, వెనక వాటాలో మరో సంసారం ఉండే వీధుల్లో పెరిగిన తెలుగువారికి ఇందులో విశేషమేమిటో వెంటనే తట్టదు. కానీ ఆ నగరంలో ఇళ్లకు కేటాయించిన నేలలో దాదాపు 70 శాతం మీద అటువంటి వాటాల ఇల్లు అప్పటిదాకా చట్టవిరుద్ధం.

ఇక్కడ చెప్పదలచుకున్నది ఇదే. అమెరికా నగరాల్లో ఇళ్ల కరువు చాలావరకు చట్టాలు తెచ్చిపెట్టిన కరువు.

1916లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ ఒంటి ఇళ్లకే పరిమితమైన పేటలకు హద్దులు గీసింది. మరుసటి ఏడు, లూయివిల్ నగరం మనుషుల రంగును బట్టి పేటలను విడగొట్టిన శాసనాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. రంగు పేరు చెప్పి అడ్డుకోవడం కుదరనప్పుడు ఇంటి రకం పేరు చెప్పే దారి మిగిలింది. 1926లో క్లీవ్‌లాండ్ పక్కనున్న యూక్లిడ్ గ్రామానికీ ఆంబ్లర్ రియల్టీ సంస్థకూ నడిచిన వ్యాజ్యంలో కోర్టు జోనింగ్‌ను, అంటే ఏ పేటలో ఏం కట్టవచ్చో ఊరు నిర్ణయించే పద్ధతిని, సమర్థించింది. తీర్పు రాసిన జస్టిస్ సదర్లాండ్ ఒంటి ఇళ్ల మధ్యకు వచ్చే అపార్ట్‌మెంటును పరాన్నజీవిగా అభివర్ణించాడు. అద్దెకుండేవారిని అంత చులకన చేసే మాట దేశ అత్యున్నత న్యాయస్థానం నోట రావడం ఈనాటికీ బాధ కలిగిస్తుంది. ఆ తీర్పు ఇప్పటికీ చెల్లుతోంది.

1934లో పుట్టిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ దీర్ఘకాలిక గృహరుణాలకు పూచీ పడింది. లక్షల కుటుంబాలకు సొంతిళ్లు సమకూరాయి, నల్లజాతి పేటలకు మాత్రం ఆ పూచీ దక్కలేదు. 1968 చట్టం వివక్షను నిషేధించేనాటికి ఒక తరం ఆస్తి కూడబెట్టుకుంది, పక్కపేట తరం వట్టి చేతులతో మిగిలింది. మినియాపొలిస్‌లోనూ 1910 నుంచి వేలాది దస్తావేజుల్లో నల్లవారికి అమ్మరాదన్న షరతు రాసుకున్నారు. మినసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ దస్తావేజులను వెతికి తీసి నగర పటం మీద గుర్తించారు.

ఇల్లే ఆస్తి అయిపోయాక దాని ధర కాపాడుకోవడం ఊరి రాజకీయమవుతుంది. కొత్త అపార్ట్‌మెంటు మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగే సాయంత్రం హాల్లో కనిపించేది ఎక్కువగా చుట్టుపక్కల ఇళ్ల యజమానులే. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు మైకు ఇస్తారు. పార్కింగ్ దొరకదని ఒకరు, పెరట్లో ఎండ పడదని ఇంకొకరు, పేట తీరు మారిపోతుందని మరొకరు చెబుతారు. ఈ భయాలన్నీ బూటకం కావు. అయితే ఆ భవనంలో కాపురముండబోయే నర్సు, బస్సు డ్రైవరు అప్పటికి ఎక్కడో దూరాన ఉంటారు. వాళ్లకు ఆ మైకు అందదు, ఆ వార్డులో ఓటూ ఉండదు. మినియాపొలిస్‌లో తమ పేటలను బుల్డోజర్ల పాలు చేయవద్దంటూ ఇళ్ల ముందు ఎర్ర బోర్డులు వెలిశాయి. పర్యావరణ చట్టం కింద కేసు పడి ప్రణాళిక కొంతకాలం ఆగిపోయింది. 2024లో రాష్ట్ర శాసనసభ కలగజేసుకుంటే గానీ చిక్కు వీడలేదు.

ఫలితం చూడదగ్గది. ప్యూ అనే పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 2017-2022 మధ్య అక్కడ ఇళ్లు 12 శాతం పెరిగాయి, అద్దెలు 1 శాతమే పెరిగాయి. మినసోటాలో తక్కినచోట్ల అద్దెలు 14 శాతం పెరిగాయి. నిజానికి అంత పేరు మోసిన మూడు వాటాల ఇళ్లు కట్టింది కొద్దిమందే. కొత్త ఇళ్లలో ఎక్కువ భాగం బస్సు మార్గాల వెంట, దుకాణాల వీధుల్లో లేచిన పెద్ద భవనాల్లోనివి. ప్రతి ఇంటికీ కారు పార్కింగ్ చూపాలన్న నిబంధన ఎత్తేయడం వాటికి బాగా కలిసొచ్చింది.

మినియాపొలిస్‌కు నది అవతలి నగరం సెయింట్ పాల్ వేరే దారి పట్టింది. 2021లో అక్కడి ఓటర్లు అద్దె ఏటా 3 శాతానికి మించి పెంచరాదని తీర్పిచ్చారు. కొత్త భవనాలకూ అది వర్తించడంతో బిల్డర్లు వెనక్కి తగ్గారు, మరుసటి ఏడాదే కొత్త కట్టడాలకు 20 ఏళ్ల మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. అద్దె భారం మోయలేక వేసిన ఓటును తప్పుపట్టలేం. పైగా కట్టుకుంటూ పోతే చాలుననడమూ సరికాదు. ఫెడరల్ అద్దె సాయానికి అర్హత ఉన్న కుటుంబాల్లో దాదాపు నాలుగింట ఒకదానికే అది అందుతోంది. తక్కినవాళ్లకు మార్కెట్ అద్దె ఎంత తగ్గినా ఎక్కువే.

టెక్సాస్‌లోని హ్యూస్టన్ కథ ప్లాటు కొలతది. 1998లో ఆ నగరం నడిబొడ్డున ఇంటి స్థలం కనీస విస్తీర్ణాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి 1,400కు తగ్గించింది. మన లెక్కలో 555 గజాల నుంచి 155 గజాలకు. పాత ఇల్లొకటి ఉన్నచోట మూడు సన్నని మేడలు లేచాయి. కింద గ్యారేజీ, మధ్యలో వంటిల్లు, పైన పడకగదులు. 2013లో ఈ వెసులుబాటును నగరమంతటికీ విస్తరించారు.

2025లో టెక్సాస్ శాసనసభ ఇంకాస్త ముందుకెళ్లింది. పెద్ద కౌంటీల్లో 1,50,000కు మించిన జనాభా ఉన్న నగరాలు ఐదెకరాలు, ఆపైన ఉన్న కొత్త లేఅవుట్లలో 3,000 చదరపు అడుగుల కంటే పెద్ద ప్లాటే ఉండాలని పట్టుబట్టకూడదు. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఫ్రిస్కో, ఇర్వింగ్ ఈ పరిధిలోకే వస్తాయి. అక్కడ విశాలమైన ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలున్నాయి. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ అద్దెకుంటున్నవీ ఉన్నాయి. ఈ రెండో రకం కుటుంబాలకు చిన్న ప్లాటు వల్ల మేలు జరగాలి. కానీ అదే ఏడాది మే నుంచి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ పూచీ రుణాలు ఆపేసింది. హెచ్1బీ వాళ్లు ఇప్పుడు ఆ పూచీ లేని మామూలు బ్యాంకు రుణమే వెతుక్కోవాలి.